చేతిలో బరువు చూసి కొనాల్సిన పండు

అమ్మడూ, ఆ ప్యాషన్ ఫ్రూట్ పళ్ళను పారెయ్యమాకు. తోలు ముడతలు పడినంత మాత్రాన పండు పాడైనట్టు కాదు. మీ నాన్న హైదరాబాదు నుంచి తెచ్చిన రోజున ఊదారంగులో నిగనిగలాడుతుంటే అప్పుడే కొయ్యమని గోల పెట్టావు. నేను ఆగమన్నాను. ఇప్పుడు ముడతలొచ్చాయి, ఇక కొయ్యొచ్చు. చిన్నోడా, నువ్వూ రా. కత్తి నాకిచ్చి, చెంచాలు మీరు పట్టుకోండి.

పండును పరీక్ష చెయ్యడం మనకు ఒకరు నేర్పక్కర్లేదు. మామిడిపండును ముక్కు కాడ పెట్టుకుంటాం. పుచ్చకాయను వేళ్ళతో తట్టి చప్పుడు వింటాం. సీతాఫలం అయితే కళ్ళు విచ్చుకున్నాయా అని చూస్తాం. జామకాయకు ఏ పరీక్షా లేదు, కొరకడమే. ఈ విద్యలేవీ ప్యాషన్ ఫ్రూట్ కాడ పారవు. తట్టితే చప్పుడు రాదు, నొక్కితే లోపల రసం ఎంతుందో తెలియదు. రంగు, నునుపు చూసి కొన్నవాడికి దక్కేది పులుపే. అంగట్లో ముందువరసలో పేర్చేవి నున్నటివి. ముడతలవి వెనక బుట్టలో తక్కువ ధరకు పడి ఉంటాయి. తెలిసినవాడు ఆ వెనక బుట్ట కాడికే పోతాడు.

ఇదుగో, అడ్డంగా కోశాను, చూడండి. పైన రంగున్న పలుచటి తోలు. దాని కింద తెల్లగా, మెత్తగా బెండు. పండు బరువులో సగానికి సగం ఈ తోలూ బెండే. మధ్యలో ఉన్నదే మన భాగం. నల్లటి గింజలు, ఒక్కో గింజ చుట్టూ పసుపుపచ్చని రసం నిండిన ఒక్కో సంచి. గింజను కాయ గోడకు కలిపే కాడ ఉంటుంది కదా, ఆ సంచి అక్కడ మొదలై గింజను చుట్టేస్తుంది. వృక్షశాస్త్రంలో దీన్ని ఏరిల్ అంటారు. సీమచింతకాయ ఒలుచుకుని మీరు తినే తెల్లటి గుజ్జు కూడా ఏరిలే. దానిమ్మ పైకి ఇట్టాగే కనిపిస్తుంది గానీ, అక్కడ రసం నింపుకున్నది గింజ పైతోలే.

"మరి లోపల ఇంత రసం ఉంటే పైన ఎందుకు ముడతలు పడింది తాతయ్యా?"

మంచి ప్రశ్న. తీగ మీద ఉన్నంతకాలం ఆవిరై పోయిన నీటిని వేరు మళ్ళీ పంపిస్తుంది. కోశాక ఆ సరఫరా ఆగిపోతుంది, ఆవిరి కావడం మాత్రం ఆగదు. ముందుగా ఎండిపోయేది బయటున్న తోలు, దాని కింది బెండు. బెండు కుంచించుకుపోతే దాని మీది పలుచటి తోలు ముడతలు పడక ఏం చేస్తుంది? లోపల గుజ్జు పొరల మధ్య మూసిపెట్టి ఉంది గనక దాని దాకా ఆ ఎండడం చేరడానికి చాలా రోజులు పడుతుంది. మన నాపరాళ్ళ గోడల ఇళ్ళలో గోడ పొద్దున్నుంచీ కాగుతున్నా, లోపలి గదికి ఆ వేడి సాయంత్రానికి గానీ చేరనట్టు. ఈలోగా లోపల ఇంకో పని జరుగుతుంది. కోసినా పండు ఊపిరి పీలుస్తూనే ఉంటుంది, ఆ ఊపిరికి తనలోని సిట్రిక్ ఆమ్లాన్ని కొంత ఖర్చు పెట్టుకుంటుంది. నిమ్మకాయలో పులుపు కూడా ఆ ఆమ్లానిదే. ఆమ్లం తగ్గితే ఉన్న తీపే పైకి తేలుతుంది. అందుకే ఆగమన్నాను.

అట్టాగని ఎన్నాళ్ళైనా ఆగితే కుదరదు. తోలు అక్కడక్కడా సొట్టలు పడి, వేలితో ఒత్తితే కొద్దిగా లొంగినప్పుడు తినాలి. డొల్లగా తేలికైపోయి, తొడిమ కాడ తెల్లటి బూజు కనిపించి, కోస్తే పులిసిన కల్లు వాసన కొట్టిందంటే అది పేడకుప్పకే. పసుపు తోలు రకం ఒకటి ఉంది, అది కాస్త పెద్దది, పులుపూ ఎక్కువ. అది ఊదా రకమంతగా ముడతలు పడదు, దాన్ని కేవలం ముడతలతో కొలిస్తే మోసపోతాం.

మరి దేంతో కొలవాలి? బరువుతో. ఒకే సైజు పళ్ళు రెండు తీసుకుని చెరో చేతిలో పెట్టుకుని చూడండి. ఏది బరువైతే అది మనది. ముడతలు చూడటం తర్వాత సంగతి. ఇది పసుపు రకానికీ, ఊదా రకానికీ కూడా పనిచేస్తుంది.

ఆ బరువు యాడ నుంచి వచ్చిందో చెబుతాను, ఈ పండు కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం అదే. ఒక్కో గింజకూ ఒక్కో రసపు సంచి అన్నాను కదా. గింజ కట్టకపోతే సంచీ లేదు. గింజ కట్టాలంటే పువ్వులోని అండానికి పుప్పొడి అందాలి. ఎన్ని అండాలకు అందితే అన్ని గింజలు, అన్ని సంచులు. బాగా అందిన పండులో వందకు పైగా గింజలుంటాయి. అరకొరగా అందిందనుకో, తోలు ఎదుగుతుంది, లోపల మాత్రం సగం గాలి. అంటే చేతిలో పెట్టుకుని మనం తూచేది ఆ రోజు ఆ పువ్వు మీద వాలిన పురుగు చేసిన పనిని.

ఆ పురుగు తేనెటీగ కాదు. ఈ పువ్వు నిర్మాణం తేనెటీగకు పెద్దది. పువ్వు మధ్యలో ఒక స్తంభం లేస్తుంది, దాని మీద నుంచి ఐదు పుప్పొడి తిత్తులు కిందికి వేలాడుతుంటాయి, వాటి పైన పుప్పొడిని అందుకునే మూడు కీలాగ్రాలు. తేనెటీగ కింద దూరి తేనె తాగి, వీలైతే పుప్పొడి మూటగట్టుకుని పోతుంది, పైనున్న కీలాగ్రాలకు దాని వీపు తగలదు. అక్కడికి అందేంత ఎత్తు వీపు ఉన్నది మన తుమ్మెదకే. పశువుల కొట్టం వాసాల్లో, ఎండు వెదురు బొంగుల్లో గుండ్రటి బొక్క తొలుచుకుని, పట్టపగలు ఝుమ్మని తిరిగే ఆ నల్లటి తుమ్మెదే. అది తేనె కోసం గుండ్రంగా తిరుగుతుంటే వీపంతా పుప్పొడి అంటుకుంటుంది. ఇంకో పువ్వు మీద వాలినప్పుడు ఆ పుప్పొడి కీలాగ్రాలకు పూసుకుపోతుంది. పువ్వు కూడా దానికి సాయం చేస్తుంది. విచ్చుకున్నప్పుడు మీదికి నిలబడి ఉన్న ఆ మూడు కీలాగ్రాలు కాసేపటికి వంగి, తుమ్మెద వీపు ఎత్తుకు దిగొస్తాయి. వంగని పువ్వు కాయ కట్టడం కష్టం.

ఊదా రకం తెల్లారేసరికి పూస్తుంది, చాలావరకు తన పుప్పొడితోనే కాయ కట్టుకుంటుంది. పసుపు రకం మధ్యాహ్నం పూస్తుంది, దానికి తన తీగ పుప్పొడి పనికిరాదు, వేరే తీగదే కావాలి. ప్రపంచంలో ఈ పండు అన్నిటికన్నా ఎక్కువగా పండేది బ్రెజిల్లో. అక్కడ తుమ్మెదలు చాలని తోటల్లో కూలీలను పెట్టి, మధ్యాహ్నం పూట వేళ్ళకు పుప్పొడి పూసుకుని పువ్వు పువ్వునూ తాకిస్తారు. తుమ్మెద ఊరికే చేసే పనికి అక్కడ మనుషులకు కూలి ఇస్తున్నారు. మనమేమో వాసాలు పాడు చేస్తుందని దాన్ని చీపురుతో కొడతాం.

పువ్వు సంగతి వచ్చింది గనక ఒక్క మాట. దీని చుట్టాన్నే మనవాళ్ళు రాఖీ పువ్వనీ, కృష్ణకమలమనీ ఇళ్ళ ముందు పాకిస్తారు. చుట్టూ ఉన్న పోగులు నూరుగురు కౌరవులు, ఐదు తిత్తులు పాండవులు, మూడు కీలాగ్రాలు త్రిమూర్తులు అని లెక్క చెబుతారు. నాలుగు వందల ఏళ్ళ కిందట దక్షిణ అమెరికాలో ఈ పువ్వును చూసిన క్రైస్తవ మతగురువులు అవే పోగుల్లో ఏసు ముళ్ళకిరీటాన్నీ, ఐదు తిత్తుల్లో ఆయన ఐదు గాయాలనూ, మూడు కీలాగ్రాల్లో మేకులనూ చూశారు. మన కారంపూడి వాళ్ళ చేతిలో పడి ఉంటే మధ్యలో బ్రహ్మనాయుడు, చుట్టూ పల్నాటి వీరులు ఉండేవాళ్ళు. నాగమ్మను యాడ కూర్చోబెట్టాలనే దాని మీద మళ్ళీ తగువు.

సరే, పండు కాడికి వద్దాం. పువ్వు నుంచి పండుకు రెండు నుంచి మూడు నెలలు పడుతుంది. పండాక ఎవరూ కొయ్యక్కర్లేదు, దానంతటదే రాలిపోతుంది. తోటవాళ్ళు కింద పడ్డవి ఏరుకుంటారు. దూరం పంపాల్సిన సరుకును మాత్రం రంగు తిరుగుతున్నప్పుడే కోస్తారు. కోశాక కూడా ఇది పండుతుంది, అరటి, మామిడి పండినట్టే. పండటానికి ఆజ్ఞ ఇచ్చేది ఎథిలీన్ అనే వాయువు, దాన్ని పండే తయారు చేసుకుంటుంది. అన్ని పళ్ళలోకీ ఆ వాయువును బాగా ఎక్కువగా వదిలేవాటిలో ఈ పండొకటి. కాబట్టి పచ్చి అరటికాయలు పండాలంటే దీని పక్కన పెట్టండి, ఆకుకూరలను మాత్రం దూరంగా ఉంచండి, పసుపెక్కిపోతాయి. మామిడికాయలను మాగేసేందుకు కార్బైడు పొట్లాలు పెట్టేవాళ్ళకు ఈ సంగతి చెప్పాలి. కార్బైడు వాడకూడదని 2011 ఆహార భద్రత నియమాల్లోనే ఉంది, ఎథిలీన్ వాయువును మాత్రం పరిమితికి లోబడి వాడనిస్తారు.

"మన ఊళ్ళో ఇది పండదా తాతయ్యా?"

దీని పినతల్లి బిడ్డ మన చేల గట్ల మీదే ఉందిరా. వానలు పడ్డాక కంచెల మీద, సర్కారు తుమ్మ కంప మీద పాకే సన్నటి తీగ చూళ్ళా? ఆకు నలిపితే కంపు కొడుతుంది, తెల్లటి పువ్వు పొద్దున్నే పూసి ఎండెక్కేసరికి ముడుచుకుంటుంది, కాయ చుట్టూ ఆకుపచ్చని జాలీ అల్లినట్టు ఉంటుంది. పుస్తకాల్లో తెల్లజుమికి అని రాస్తారు. ఇదీ అమెరికా ఖండం నుంచి వచ్చిందే, ఎప్పుడో వచ్చి మన కంచెలు పట్టుకుని మనదైపోయింది. దాని కాయ గోలీకాయ కన్నా కాస్త పెద్దది. జాలీ ఎండి, కాయ నారింజపసుపు రంగు తిరిగి, ముట్టుకుంటే చేతిలోకి ఊడొచ్చేది పండినట్టు. లోపల అదే నిర్మాణం, నల్లటి గింజలు, వాటి చుట్టూ తియ్యటి గుజ్జు, కాకపోతే పిసరంత.

ఆకుపచ్చగా ఉన్న కాయను మాత్రం నోట్లో పెట్టొద్దు. ఈ కుటుంబం ఆకుల్లో, పచ్చికాయల్లో సైనైడును పుట్టించే పదార్థాలుంటాయి. కొరికినప్పుడు కణాలు చితికి ఆ విషం విడుదలవుతుంది. కర్రపెండలంలోనూ ఇదే తరహా ఏర్పాటు ఉంది, అందుకే దాన్ని ఉడికించి తింటాం. పండేకొద్దీ కాయలో ఆ విషం తగ్గిపోతుంది. గింజ ముదిరేదాకా ఎవరూ తినకుండా కాపలా, ముదిరాక తిని మోసుకుపోవడానికి పిలుపు, రెండూ ఆ కాయలోనే. ఈ విషాన్ని లెక్కచెయ్యని జీవి ఒకటుంది, నారింజరంగు రెక్కల మీద నల్ల చుక్కలున్న టానీ కోస్టర్ సీతాకోకచిలుక. దాని గొంగళిపురుగులు ఈ ఆకునే మేసి, పిట్టలు తినలేనంత చేదుగా తయారవుతాయి.

ఆ జాలీ సంగతి ఇంకా ఉంది. వేలితో తాకితే జిగురు అంటుతుంది, చూస్తే చిన్నచిన్న పురుగులు దానికి అంటుకుని చచ్చి ఉంటాయి. దాని మీద పరిశోధన చేసినవాళ్ళు యాడివాళ్ళో కాదు, మన అనంతపురంలో శ్రీ సత్యసాయి విద్యాసంస్థలోని జీవశాస్త్రవేత్తలు. 1995లో వాళ్ళ పత్రం అచ్చయింది. ఆ జాలీ గ్రంథులు మొగ్గనూ, కాయనూ తినడానికొచ్చే పురుగులను పట్టి ఆపుతాయని చూపించారు. అక్కడితో ఆగలేదు. ఆ జిగురులో మాంసకృత్తులను అరిగించే ఎంజైములు ఉన్నాయని కూడా కనిపెట్టారు. అంటే కాపలా కాసినందుకు ఈ తీగ కాస్త కూలి కూడా తీసుకుంటుందన్నమాట. దీన్ని పూర్తి మాంసాహారి మొక్కల వరసలో కూర్చోబెట్టడానికి అందరు శాస్త్రవేత్తలూ ఒప్పుకోరు, సగందూరం వచ్చిన మొక్క అంటారు. మన చేను గట్టు మీద పీకి పారేసే తీగకు ఇంత చరిత్ర ఉంది.

ఇక అంగట్లో కొనే ఊదారకం మన నేల మీద ఎందుకు పండదంటే, కారణం మనందరికీ తెలిసిందే. రాష్ట్రంలో ఎండలు ముదిరాయని చెప్పాలంటే పేపర్లవాళ్ళు ముందు రాసేది మన రెంటచింతల పేరే. ఊదా రకానికి చల్లటి కొండగాలి కావాలి, ఇరవై, పాతిక డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. అందుకే మన దేశంలో అది కొడగు, నీలగిరి, వాయనాడు కొండల మీదా, నాగాలాండ్, మణిపూర్, మిజోరంలలోనూ స్థిరపడింది. కొడగులోని చెట్టళ్ళిలో ఉన్న ఉద్యాన పరిశోధన కేంద్రం వాళ్ళు ఊదా, పసుపు రకాలను కలిపి కావేరి అనే సంకరరకం తయారు చేశారు. మీ నాన్న తెచ్చిన పళ్ళు ఆ కొండల్లో ఏదో ఒకదాని నుంచి దిగినవే అయ్యుంటాయి. నాగార్జునసాగర్ కుడికాలవ నీళ్ళెన్ని పెట్టినా మే నెల గాలిని చల్లబరచలేం కదా.

సరే, తినండిక. చెంచాతో గుజ్జును అంచుల నుంచి గీరుకోండి, తెల్ల బెండు చేదు, దాని జోలికి పోవద్దు. గింజలను ఉమ్మెయ్యొద్దు, నమిలితే కరకరలాడతాయి. పుల్లగా ఉంటే ఉప్పు చిటికెడు, మిరప్పొడి చిటికెడు చల్లుకోండి. మిరప పండించే సీమలో పుట్టి పులుపుకు చక్కెర కోసం పరుగెత్తడం నాకు నచ్చదు. షర్బత్ కావాలంటే నాలుగు పళ్ళ గుజ్జుకు రెండు గ్లాసుల కుండనీళ్ళు, కొంచెం చక్కెర, ఉప్పు కాస్త. బెల్లం వెయ్యొద్దు, బెల్లం వాసన ఈ వాసనను మింగేస్తుంది. మీ నాయనమ్మ మిక్సీ వెయ్యబోతే ఆపండి. గింజలు పగిలితే షర్బత్ నిండా నల్ల నలుసులు, వగరు. గుజ్జును టీ వడపోతలో వేసి చెంచాతో రుద్దితే చాలు.

పొయ్యి మీద మాత్రం పెట్టొద్దు. ఈ పండు విలువంతా వాసనలో ఉంది, ఆ వాసన వేడికి లేచిపోతుంది. అందులో గంధకం ఉన్న పదార్థాలు కొన్ని అతి సూక్ష్మంగా ఉంటాయి. గంధకమంటే ముక్కు మూసుకుంటాం గానీ, లేశమంతే ఉంటే అదే కమ్మదనం. బాగా మాగిన ఎర్ర జామపండులో కూడా వాటిలో ఒకటి ఉంది. కళ్ళు మూసుకుని వాసన చూడు అమ్మడూ, మన జామతోట తగులుతుంది.

బలం సంగతి అడుగుతారు గనక చెబుతున్నా. నూరు గ్రాముల గుజ్జులో గింజలతో కలిపి పది గ్రాముల పీచు ఉంటుంది, పళ్ళలో అది చాలా ఎక్కువే. సి విటమిన్ 30 మిల్లీగ్రాములు, పొటాషియం దాదాపు 350 మిల్లీగ్రాములు. కానీ ఒక్క పండులో గుజ్జు 18, 20 గ్రాములకు మించదు, నూరు గ్రాములంటే అయిదారు పళ్ళు కొయ్యాలి. సి విటమిన్ కోసమే అయితే జామకాయ తినండి, అందులో దీనికి ఏడు రెట్లు ఉంటుంది, ధర చూస్తే దీనికన్నా చాలా తక్కువ. ఇది రుచి కోసం తినే పండు, మందు కింద అమ్మేవాణ్ణి నమ్మొద్దు. మూత్రపిండాల జబ్బున్నవాళ్ళు పొటాషియం చూసుకోవాలి గనక డాక్టరును అడిగి తినాలి.

ఈ గింజల్లో నాలుగు దాచుకుంటానంటావా? దాచు, మొలుస్తాయి. గుజ్జు పోయేదాకా బూడిదతో రుద్ది కడిగి కుండీలో వేస్తే రెండు నుంచి నాలుగు వారాల్లో మొలక వస్తుంది. కాకపోతే ఇది ఊదా రకం, మన ఎండకు తీగ పాకినా కాపు ఆశించలేం. పసుపు రకం గింజ దొరికితే అది మైదానాలను తట్టుకుంటుంది, ఏడాది తిరిగేసరికి పూత చూడొచ్చు. ఒక్క తీగ వేస్తే లాభం లేదు, వేరువేరు చోట్ల నుంచి తెచ్చిన గింజలతో రెండైనా ఉండాలి. మిద్దె మీద ఇనుప పందిరి వేద్దామంటాడు మీ నాన్న. వద్దని చెప్పండి. వేసవిలో కాలిన ఇనుము మీద లేత నులితీగలు మాడిపోతాయి. వెదురు బొంగులతో వేద్దాం, రెండు బొంగులు బాగా ఎండినవి చూసి వేద్దాం, తుమ్మెద తొలుచుకోవడానికి.